బావమరిదికి దక్కిన కోట

మా నాన్న పేరు బోవో. ఓకర్ నది ఒడ్డున మా చిన్న ఊళ్ళో ఈటె విసరడంలో ఆయన్ని మించినవాడు లేడు. పరిగెత్తే కుందేలుని నేలకి గుచ్చేసేవాడు. ఈ సంగతి ఇంకెవరూ చెప్పకపోయినా ఆయనే చెప్పేవాడు. ఎంత పని చేసినా అలుపెరగని ఒళ్ళు. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు చేరేది ఆయనే. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. పక్కవాడికి ఏదైనా మంచి జరిగిందంటే ఆ పూట ఆయనకి తిండి సయించేది కాదు. ఆ పక్కవాడు మా మేనమామ ఉఫ్ఫో అయితే మరీను.

ఉఫ్ఫో మామ మా అమ్మ ఇమ్మాకి సొంత తమ్ముడు. వడ్రంగం తెలుసు, పాటలు తెలుసు, అన్నిటికన్నా ఎక్కువగా నవ్వించడం తెలుసు. ఆయన ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటివాళ్ళు బల్ల మీద కాస్త జరిగి పక్కన చోటిచ్చేవాళ్ళు. నాన్న వెళితే లేచి నిలబడేవాళ్ళు.

"లేచి నిలబడటం గౌరవం కాదా?" అనేది అమ్మ.

నాన్నకి జరిగి చోటివ్వడమే కావాలి.

మామ మా ఇంటికొస్తే అమ్మ ముఖమే మారిపోయేది. గంజిలో వెన్న ఎక్కువ పడేది. వేలాడదీసిన పంది తొడ మంచి వైపు నుంచి కోసేది. నాన్న తన గిన్నెలోకి చూసి, మామ గిన్నెలోకి చూసేవాడు. "మీ తమ్ముడు ఉపవాసం చేసి వచ్చినట్టున్నాడు" అనేవాడు. "అవును బావా, మీ ఇంటికొచ్చేముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటాను" అని మామ నవ్వేవాడు. అమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వే నాన్నకి కడుపులో మంట.

నాకు అయిదేళ్ళప్పుడు తూర్పు నుంచి ఉంగర్ల గుర్రపు దండు వచ్చి మా ఊరు తగలబెట్టింది. అడవిలో దాక్కున్నవాళ్ళం బతికాం. ఆ తర్వాత మా రాజు వాళ్ళకి ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకుని తొమ్మిదేళ్ళు దండయాత్ర లేకుండా చూసుకున్నాడు. ఆ గడువులోపలే సాక్సనీ అంతటా కోటలు కట్టమన్నాడు. మా ఊరికి కోసెడు దూరంలో గుట్ట మీద మట్టీ దుంగలూ కలిపి గోడ లేచింది, చుట్టూ అగడ్త తవ్వారు. దానితోపాటు ఒక ఆజ్ఞ వచ్చింది. ఆయుధం పట్టగల రైతులు తొమ్మిదేసి మంది ఒక జట్టు. అందులో ఒకడు కోటలో ఉండి మిగతా ఎనిమిదిమందికీ లోపల ఇళ్ళు కట్టాలి, పంటలో కోటకి చేరే మూడో వంతుని గాదెలో భద్రం చెయ్యాలి. ఆ ఎనిమిదిమందీ బయట ఉండి అతని పొలం కూడా దున్నాలి, కొయ్యాలి.

కోటలో ఉండే ఆ తొమ్మిదో మనిషి తానే అని నాన్న ముందే తేల్చుకున్నాడు. ఊళ్ళో అందరూ అలాగే అనుకున్నారు. కోట పెద్ద హాథుమార్ ఎంపిక చెయ్యడానికి వచ్చిన రోజున నాన్న తోలు చొక్కాకి కొవ్వు రాసి మెరుగు పెట్టుకున్నాడు. పచ్చికలో ఒక గుంజ పాతారు. నాన్న మూడు ఈటెలు విసిరితే మూడూ గుంజలో దిగాయి. మామ విసిరినవాటిలో ఒకటి దిగింది, ఒకటి పక్కన పడింది, మూడోది హాథుమార్ గుర్రాన్ని బెదరగొట్టింది.

హాథుమార్ గుంజ చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత అడిగాడు. "మీలో తలుపు చెయ్యగలవాడెవడు?"

అందరూ మామ వంక చూశారు.

"దూలం ఎత్తి, మూల కలిపి, గడ్డి కప్పగలవాడెవడు?"

మళ్ళీ మామ వంకే.

"అయితే నువ్వు రా. నాకు ఈటె విసిరేవాళ్ళు గోడ నిండా ఉన్నారు. ఇళ్ళు కట్టేవాడు కావాలి."

నాన్న ఇంకా ఈటె పట్టుకునే నిలబడి ఉన్నాడు. మామ అప్పుడైనా నోరు మూసుకోవలసింది. ఆయన వల్ల కాలేదు. నాన్న భుజం మీద చెయ్యేసి, "ఇంకేం బావా, నువ్వు దున్ను, నేను తింటాను" అన్నాడు. పచ్చిక మీద ఉన్న జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. హాథుమార్ కూడా నవ్వాడు.

ఆ మాట ఊళ్ళో నిలిచిపోయింది. నాగలి భుజాన వేసుకుని నాన్న వీధిలోకొస్తే ఎవడో ఒకడు, "ఏం బోవో, ఇవాళ నీకా, బావమరిదికా?" అనేవాడు. ముందు మా పొలం, తర్వాత మామ పొలం. మామ పొలం నల్లమట్టి. మాది రాళ్ళ నేల. మామ పొలంలో రై పంట నడుముదాకా వచ్చేది. దాన్ని తన చేత్తో దున్ని, తన చేత్తో కోసి, తన బండిలో కోటకి తోలడం నాన్నకి ఎలా ఉండేదో నేను పెద్దయ్యాకే అర్థం చేసుకున్నాను.

బండి తోలుకుని వెళ్ళిన ప్రతిసారీ ఆయన వచ్చి చెప్పేది ఒకటే. "వాడు లావెక్కాడు." ఇంకోసారి, "వాడి నడుముకి కొత్త బెల్టు. తాళంచెవి వేలాడేసుకుని తిరుగుతున్నాడు." మరోసారి, "కోటలో వాడు నడుస్తుంటే కావలివాళ్ళు పలకరిస్తున్నారు. వాణ్ణి! ఉఫ్ఫోని!"

"పలకరిస్తే తప్పేమిటయ్యా?" అంది అమ్మ.

"నువ్వు అలాగే అంటావు. నీ తమ్ముడు కదా."

మామ మాకోసం కోటలో ఒక ఇల్లు కట్టాడని తెలుసు. ఆపద వస్తే మేం వెళ్ళి తలదాచుకోవలసిన ఇల్లు. మిగతా ఏడుగురూ తమ తమ ఇళ్ళు చూసుకుని వచ్చారు, పెళ్ళాలకి చూపించారు. నాన్న ఆరేళ్ళలో ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడలేదు. అమ్మని వెళ్ళనివ్వలేదు. "వాడు కట్టిన కప్పు కింద తలదాచుకోవడం కన్నా అడవి నయం" అనేవాడు.

ఆరో ఏడు కోతలప్పుడు వానలు పట్టుకున్నాయి. కోసిన కట్టలు పొలంలోనే తడిశాయి. నాన్న కొన్నిటిని ముందే చేరవేసి పొయ్యి దగ్గర ఎండబెట్టాడు, మిగతావి మొలకలు వచ్చేలా నానిపోయాయి. ఎండినవి ఇంటి వెనక పాతరలో పోసి మూత మీద మట్టి కప్పాడు. తడివి గోనెల్లోకి ఎత్తాడు. మూతి దగ్గర మాత్రం దోసెడేసి పొడి గింజలు పోశాడు. అమ్మ చూస్తూనే ఉంది.

"ఇది కోటకా?"

"వాడు తినేది వాడికి. పండించని నోటికి ఏదైతేనేం?"

కోటలో గింజలు చూసి తీసుకోవలసినవాడు మామ. ఆ రోజు కావలివాడు గోనెలోకి చెయ్యి పెట్టబోతే మామ ఆపాడట. "మా బావ తెచ్చినదాన్ని చూడక్కర్లేదు" అన్నాడట. గాదె ఖాళీగా ఉంది. నాన్న స్వయంగా లోపలికి దిగి, ఎడమ మూల అడుగున ఆ గింజలు పోసి వచ్చాడు. వాటి మీద మిగతా ఏడుగురి గింజలూ పడ్డాయి.

ఆ చలికాలంలో రాజు కప్పం ఇవ్వనని ఉంగర్ల దూతల్ని ఉత్తిచేతులతో పంపేశాడు. మంచు కరగకముందే వాళ్ళు వచ్చారు. దూరాన పొగ లేచింది, కోట మీద కొమ్ము ఊదారు. మేం పందుల్నీ ఆవునీ తోలుకుని గుట్ట ఎక్కాం. మా వెనకే తలుపులు వేశారు.

మామ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క కుటుంబానికీ దారి చూపిస్తున్నాడు. మమ్మల్ని చూసి మొదటిసారి ఆయన ముఖం చిన్నబోయింది. "అక్కా, ఆ చివర... ఆ చివరిది" అన్నాడు.

మా ఇల్లు పెంటకుప్పని ఆనుకుని ఉంది. మిగతా ఇళ్ళలో సగం ఉంటుంది. తలుపు నేలకి రాసుకుంటోంది. కప్పులోంచి ఆకాశం కనిపిస్తోంది. నాన్న గుమ్మంలో నిలబడి చుట్టూ చూశాడు. ఆయన ముఖంలో కోపం కన్నా సంబరం ఎక్కువ కనిపించింది. "చూశావా ఇమ్మా? ఇదీ నీ తమ్ముడు!" అన్నాడు అమ్మతో, ఏదో పందెం గెలిచినట్టు.

గుర్రాలవాళ్ళు గుట్ట చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళకి గోడలెక్కడం రాదు, ఆకలితో మమ్మల్ని బయటికి రప్పించాలని చూస్తున్నారు. రెండు రోజులకి చిన్న గాదెలు అయిపోయాయి. మూడో రోజు పొద్దున్న, ఆపద కోసమని మూసి ఉంచిన మా జట్టు గాదె తెరిచారు. మూత ఎత్తగానే జనం ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. పైన బూడిదరంగు, లోపల పచ్చటి గడ్డలు. పార దిగలేదు. అడుగున తడి వేడెక్కి పైదాకా కుళ్ళబెట్టింది.

హాథుమార్ వచ్చాడు. ఆయన అరవలేదు. "దీని మీద నలభైమంది బతకాలి" అన్నాడు. "ఎవడు చేశాడీ పని?"

మామ పార పట్టుకుని గాదెలో నిలబడి ఉన్నాడు. ఎడమ మూల తవ్వాడు. అక్కడ గింజలు ముద్దలా నల్లగా ఉన్నాయి. ఆ మూలలో పోసిందెవరో ఆయనకి తెలుసు. తలెత్తి జనంలో ఉన్న నాన్నని చూశాడు. నాన్న ఆయన్ని చూశాడు.

"నేనే దొరా" అన్నాడు మామ. "తీసుకునేటప్పుడు చూసుకోలేదు. తప్పు నాది."

హాథుమార్ ఆయన నడుము నుంచి తాళంచెవి లాక్కున్నాడు. అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టాడు. మాతోపాటు ఊళ్ళోంచి వచ్చిన ఆయన భార్య ఓడా అత్త, కొడుకు తీమో అక్కడే ఉన్నారు.

మధ్యాహ్నం మామ మా ఇంటికొచ్చాడు. ఒకే గది కాబట్టి నేనూ అమ్మా అక్కడే ఉన్నాం. ఆయన తలుపు ఎత్తిపట్టి వేసి, బల్ల మీద కూర్చున్నాడు.

"బావా, తడివని తెలిసే పోశావా?"

నాన్న గోడ వంక చూస్తున్నాడు. "నువ్వే తింటావనుకున్నాను."

"నేనొక్కణ్ణే?"

"క్రిస్మస్ లోపల పైవన్నీ తినేసి అడుక్కి వస్తావు, నోరు పాడవుతుంది అనుకున్నాను. వీళ్ళొస్తారని నాకేం తెలుసు?"

మామ కప్పు వంక చూపించాడు. "ఈ ఇల్లు నేను కావాలనే ఇలా కట్టాను. నువ్వొచ్చి తిడతావని ఎదురుచూశాను. తిడితే ఇద్దరం నాలుగు దెబ్బలు వేసుకుని, ఒక కుండ బీరు తాగి, మళ్ళీ కట్టుకుందాం అనుకున్నాను. ఆరేళ్ళలో నువ్వు రానేలేదు."

"నేనెందుకు రావాలి? తినేవాడివి నువ్వు."

"ఏం తిన్నాను? నా పొలం నీ చేతిలో ఎలా ఉందో ఒక్కసారి చూసి వస్తానంటే హాథుమార్ గేటు దాటనివ్వలేదు. నా కొడుక్కి నాగలి పట్టడం నువ్వు నేర్పావు. వాడు నాకన్నా నీ మాటే ఎక్కువ చెబుతాడు. నాకు ఒళ్ళు మండదా?"

నాన్న ఆ మాటకి తిరిగి చూశాడు. ఆయనకి ఇది కొత్త సంగతి.

"మరి నామీద ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను గోడ అవతలికి తోసేస్తారు. అప్పుడు మా అక్క గంజి ఎవడు తాగుతాడు? ఊళ్ళో ఇంకెవడికీ అంత ధైర్యం లేదు."

అమ్మ ఏడుస్తూ నవ్వింది. నాన్న నవ్వలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే నాతో అన్నాడు, ఆ క్షణంలో తనకి కలిగింది కృతజ్ఞత కాదని. "వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అక్కడ కూడా వాడే పెద్దమనిషి అయిపోయాడు. నాకు ఏమీ మిగల్చలేదు" అన్నాడు.

మామ లేస్తూ అడిగాడు. "మంచి గింజలు ఎక్కడ పెట్టావు?"

"ఇంటి వెనక పాతరలో."

మర్నాడు పొద్దున్న నది మీంచి పొగమంచు గుట్ట మీదికి పాకింది. మామ హాథుమార్ దగ్గరికెళ్ళి ముగ్గురు మనుషుల్ని అడిగాడు. వాగు పక్కనుంచి ఊళ్ళోకి దిగి, తనకి తెలిసిన పాతరలోంచి గింజలు మోసుకొస్తానన్నాడు. ఎవరి పాతరో చెప్పలేదు. నాన్న ముందుకొచ్చి, "నేనూ వెళతాను. దారి నాకు బాగా తెలుసు" అన్నాడు.

"నువ్వు గోడ మీద ఉండు బావా. తిరిగొచ్చేటప్పుడు నాకు గురి ఉన్నవాడు కావాలి" అన్నాడు మామ. అదొక్కటే మా నాన్నని ఆయన మెచ్చుకోవడం నేను విన్నది.

వాళ్ళు వెళ్ళారు. మేం కింది గేటు దగ్గర నిలబడ్డాం. మంచు పలచబడే వేళకి వాగు మలుపులో నాలుగు వంగిన వీపులు కనిపించాయి. ఒక్కొక్కరి మీదా ఒక్కో గోనె. గుర్రాలవాళ్ళు అప్పుడే చూశారు. ముందు ఒకడు ఒంటరిగా గుర్రాన్ని దౌడు తీయించాడు. వాడు వాళ్ళని అందుకునేలోపల గోడ మీంచి నాన్న ఈటె విసిరాడు. అంత దూరం విసిరినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఈటె వాడి గొంతులో దిగింది, గుర్రం ఒక్కటే పరిగెత్తుకు పోయింది. కానీ వెనకాల ఇంకా నలుగురు వచ్చారు, వాళ్ళ చేతుల్లో విల్లులున్నాయి. ముగ్గురు లోపలికొచ్చారు. మామ అందరికన్నా వెనక ఉన్నాడు. గేటులో అడుగు పెడుతూనే మోకాళ్ళ మీద పడ్డాడు. రెండు బాణాలు ఆయన పక్కటెముకల్లో ఉన్నాయి. గోనె మాత్రం వదల్లేదు. ఆయన వేళ్ళని అత్తే ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

ఆ గింజలు పిల్లలకి రెండు రోజులు సరిపోయాయి. మూడో రోజు రాజు సైన్యం దగ్గరికి వస్తోందని గుర్రాలవాళ్ళు ఉన్నపళంగా లేచిపోయారు. తర్వాత కొద్ది రోజులకే రాజు వాళ్ళని తరిమేశాడని కబురొచ్చింది.

మామని కోట చర్చి పక్కన పాతిపెట్టారు. ఆయన పేరు పాటలోకెక్కింది. "గోనె వదలని ఉఫ్ఫో" అని ఆడవాళ్ళు గింజలు విసురుతూ పాడుకునేవాళ్ళు. గోడ మీంచి విసిరిన ఈటె సంగతి ఆ పాటలో లేదు. ఆ సమయానికి అందరి కళ్ళూ గేటు మీద ఉన్నాయి. నాన్న ఒకటి రెండుసార్లు ఎత్తాడు. "ఆ ముందు వచ్చినవాణ్ణి కొట్టింది నేనే" అన్నాడు. "ఔనా? అబ్బ, ఉఫ్ఫో ఆ గోనె ఎలా పట్టుకున్నాడో చూశావా!" అన్నారు. నాన్న ఇంటికొచ్చి గొడ్డలితో కట్టెలు చీల్చాడు. వారానికి సరిపడా కట్టెలు మధ్యాహ్నంలోపలే చీల్చేశాడు.

పాట పాడినవాళ్ళే చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అనేవాళ్ళు. "మంచివాడే, కానీ గాదె కుళ్ళబెట్టాడు కదా. అది చూసుకుని ఉంటే ఇదంతా వచ్చేది కాదు." ఆ మాట వచ్చినప్పుడు నాన్న తల వంచుకుని బీరు తాగేవాడు. దిద్దేవాడు కాదు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, ఆ మాట విన్నప్పుడు ఆయన భుజాలు కాస్త వదులయ్యేవి. చచ్చిపోయినవాడి మీద కూడా ఆయనకి అసూయ చావలేదు. ఆ ఒక్క మచ్చ ఉండబట్టే ఆయన ఆ పాట భరించగలిగాడు.

అమ్మకి తెలుసు. నాకు తెలుసు. నోరు తెరిస్తే నాన్నని ఉరి తీస్తారని భయం. అమ్మ గంజి పోసి వెళ్ళిపోయేది. ఆయన తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చునే అలవాటు మామ పోయిన రోజుతోనే పోయింది.

మూడేళ్ళు గడిచాయి. ముసలి రాజు పోయి కొడుకు రాజయిన ఏడది. మామ తర్వాత తొమ్మిదో మనిషిగా వెళ్ళిన పొరుగాయన దగ్గుతో పోయాడు. హాథుమార్ మళ్ళీ పచ్చిక మీదికొచ్చాడు. మామ కొడుకు తీమో ముందుకొచ్చాడు. పందొమ్మిదేళ్ళవాడు, తండ్రి వడ్రంగం అంతా వచ్చు, నాన్న నేర్పిన ఈటె కూడా వచ్చు.

"గాదె కుళ్ళబెట్టినవాడి కొడుకువి కదూ నువ్వు?" అన్నాడు హాథుమార్. "తాళం ఆ ఇంటికి మళ్ళీ ఇవ్వను. బోవో, నువ్వు రా."

పదేళ్ళపాటు ఏడ్చినదాని కోసం నాన్న ఆ రోజు ముందుకి నడిచాడు. చెయ్యి చాచి తాళంచెవి తీసుకున్నాడు. అమ్మ పచ్చిక మీంచి లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

మేం కోటకి మారాం. నాన్న నడుముకి బెల్టు, దానికి తాళంచెవి. కావలివాళ్ళు ఆయన్ని పలకరించారు. పది రోజులు ఆయన గోడ చుట్టూ ఊరికే తిరిగాడు, ఏదో వెతుకుతున్నట్టు. ఏ తలుపు తీసినా "ఇది ఉఫ్ఫో చేసిన తలుపు" అనేవాళ్ళు. ఏ బల్ల మీద కూర్చున్నా "ఇక్కడ ఉఫ్ఫో కూర్చునేవాడు" అనేవాళ్ళు. చోటు మాత్రం ఎవరూ జరిగి ఇవ్వలేదు.

కోతలయ్యాక తీమో బండి తోలుకొచ్చాడు. ఇప్పుడు మా పొలం దున్నేది వాడే. "మామయ్యా, మీ బార్లీ బాగా వచ్చింది. రాళ్ళు కొన్ని ఏరించాను" అన్నాడు. గేటు దగ్గర కావలివాడు ప్రతి గోనెలోకీ భుజందాకా చెయ్యి దూర్చి చూస్తున్నాడు. మిగతా బండ్లకి అలా చెయ్యలేదు. ఒక గోనె బోర్లించి కాలితో కెలికాడు.

"నీ దగ్గర చూసి తీసుకోవాలబ్బాయ్" అన్నాడు నవ్వుతూ. "మీ వంశం చేతిలో గింజ నిలవదట కదా."

తీమో కూర్చుని మట్టిలో పడిన గింజలు దోసిలితో ఎత్తుతున్నాడు. వాడి మెడ ఎర్రబడింది. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన దవడ కదలడం చూశాను.

"వాడివి కాదు" అన్నాడు.

కావలివాడు, "ఏమిటి?" అన్నాడు.

"ఆ కుళ్ళిన గింజలు ఉఫ్ఫోవి కాదు. నావి. తడివని తెలిసే పోశాను. వాడు తింటాడని పోశాను. హాథుమార్ దొరని పిలు."

తీమో దోసిలిలో గింజలతో అలాగే ఉండిపోయాడు.

హాథుమార్ నాన్నని ఉరి తీయించలేదు. కోట నిలిచింది కాబట్టి, తనంతట తానే చెప్పాడు కాబట్టి ప్రాణం వదిలాడు. తాళంచెవి తీసుకున్నాడు. తాళంతోపాటు ఇచ్చిన గుర్రాన్నీ, ఈటెనీ కూడా తీసుకున్నాడు. ఇక ఆయుధం పట్టకూడదన్నాడు. మూడేళ్ళపాటు ప్రతి శుక్రవారం రొట్టే నీళ్ళూ తప్ప ఏమీ ముట్టకూడదని, ఊరి నుంచి చర్చిదాకా చెప్పుల్లేకుండా నడవాలని పాదిరీ శిక్ష వేశాడు. తాళం తీమోకి ఇచ్చారు, మేం మళ్ళీ ఊళ్ళోకి దిగొచ్చాం.

ఓడా అత్త మా గుమ్మం దగ్గరికొచ్చింది. లోపలికి రాలేదు. "మూడేళ్ళు నా పొయ్యి దగ్గర కూర్చున్నావు అన్నయ్యా" అంది. "నా రొట్టె తిన్నావు. నా మొగుణ్ణి జనం ఆడిపోసుకుంటుంటే పక్కనే ఉండి విన్నావు. ఆ రొట్టె నీకు ఎలా దిగింది?"

"దిగలేదు" అన్నాడు నాన్న.

ఆమె మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. ఊళ్ళో చాలామంది మాట్లాడలేదు. మొదటి శుక్రవారం మంచులో ఆయన చెప్పుల్లేకుండా బయల్దేరితే పిల్లలు వెంటబడి పంది కూతలు కూశారు. అమ్మ వాళ్ళని తరమలేదు. కానీ ఆయన తిరిగొచ్చేసరికి వేడినీళ్ళు కాచిపెట్టింది. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఆయన కూర్చుంటే, ఎదురుగా బల్ల మీద తనూ కూర్చుంది.

శిక్షతో నాన్న బుద్ధి మారిపోయిందని చెబితే అబద్ధం. ఆ తర్వాత ఆయన అసూయ తీమో మీద పడింది. తీమో కోటలో కొత్త వంతెన వేశాడంటే "వాళ్ళ నాన్న వేసినదాన్ని పీకి వేశాడు, అంతేగా" అనేవాడు. తీమోకి కవల పిల్లలు పుట్టారంటే "ఒకేసారి ఇద్దరెందుకు?" అన్నాడు. నా పెళ్ళిలో అందరూ తీమో పాటకి చప్పట్లు కొడితే లేచి బయటికెళ్ళి దూడని చూసొచ్చాడు. అయితే తీమో పొలం మాత్రం ఇరవై ఏళ్ళు ఆయనే దున్నాడు, ఎవరూ చెప్పకుండానే మా పొలం కన్నా ముందు. గింజలు పంపేముందు ప్రతి గోనెనీ తనే నేల మీద కుమ్మరించి, ఆరబోసి, మళ్ళీ ఎత్తేవాడు. చూసేవాళ్ళకి విసుగొచ్చేది.

ఉంగర్లు ఇంకోసారి పెద్ద దండుతో వచ్చి, దక్షిణాన లెఖ్ నది దగ్గర ముసలి రాజు కొడుకు చేతిలో నాశనమైపోయిన వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. మా వైపునుంచి వెళ్ళినవాళ్ళు తక్కువ. వాళ్ళలో తీమో ఒకడు. శీతాకాలం ముందు తిరిగొచ్చాడు, ఒక చెవి లేదు, కానీ ఉంగర్ల గుర్రం ఒకటి తోలుకొచ్చాడు. తేనె రంగు, పొడుగాటి జూలు. ఊరంతా చుట్టూ మూగింది. హాథుమార్ కొడుకు దానికి రెండు ఎడ్లు ఇస్తానన్నాడు.

నాన్నకి అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. కర్ర పట్టుకుని వచ్చాడు. జనం దారి ఇచ్చారు. గుర్రం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పళ్ళు చూశాడు, గిట్ట ఎత్తి చూశాడు.

"కాళ్ళు పొట్టి" అన్నాడు.

"అవును మామయ్యా" అన్నాడు తీమో.

"మెడ లావు. నాగలికి పనికిరాదు. మన గడ్డి దీనికి పడదు, చూస్తూ ఉండు. వచ్చే ఏటికి ఎముకలు తేలతాయి."

"తేలొచ్చు."

"మీ నాన్న అయితే దీన్ని చూసి ఒక పాట కట్టేవాడు. పనికిరానివాటికి పాటలు కట్టడంలో వాడంతటివాడు లేడు."

తీమో నవ్వాడు. నాన్న గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. తీయలేదు. జూలులోకి వేళ్ళు పోనిచ్చి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఎవరికీ వినపడకూడదన్నట్టు, కానీ అందరికీ వినపడేలా అడిగాడు.

"ఒరేయ్ తీమో, ఒక్కసారి ఎక్కనిస్తావా?"

తీమో తన రెండు చేతులూ కలిపి ఆయన కాలి కింద మెట్టులా పెట్టాడు.